గోకుడు ఆపి సీసా తిప్పండి

ఆ రోజు నా క్లాసు 'బాడీ లాంగ్వేజ్' మీద. ఇంజనీరింగ్ ఫైనలియర్ పిల్లలు, హాలు నిండా ఉన్నారు. ఇంటర్వ్యూలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, కుర్చీలో ఎంత వెనక్కి కూర్చోవాలి, తడబడ్డా తడబడనట్టు ఎలా ఉండాలి... గంటసేపు ఊదరగొట్టాను. ముక్కు రుద్దుకోవద్దు, మెడ తడుముకోవద్దు, తల గోక్కోవడం అస్సలు వద్దు, అవతలివాడికి మీ మీద గురి పోతుంది అన్నాను. చప్పట్లు కొట్టారు. స్టేజి దిగుతుంటే చివరి బెంచీ కుర్రాడొకడు దగ్గరికొచ్చి ఎంతో మర్యాదగా, "సార్, ఆ మార్కర్ మూత జేబులో పెట్టేసుకోండి. ఇందాకట్నుంచి దాంతోనే తల గోక్కుంటున్నారు" అన్నాడు.

"లెక్కపెట్టావా?" అన్నాను, నవ్వులో కలిపేద్దామని.

"పద్దెనిమిది సార్. మావాడు ఇరవై అంటున్నాడు."

కోటు భుజాలు చూసుకున్నాను. నల్ల గుడ్డ మీద బొంబాయి రవ్వ చల్లినట్టుంది.

ఆత్మవిశ్వాసం గురించి ఎంత చెప్పినా, మాడు దురద పెడుతుంటే మనిషి ధ్యాసంతా మాడు మీదే ఉంటుంది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు లక్ష్యాల గురించి రాస్తాయి, తెల్లవారుజామున లేవమంటాయి. తలకు ఏం రాసుకోవాలో ఒక్కటీ చెప్పదు. అది చిన్న విషయమనుకుంటాం. నేనూ అనుకున్నాను. కానీ ఓ షాంపూ సీసా ఎంచుకోవడం చేతకాక రెండు నెలలు నానా అవస్థా పడ్డాక తెలిసింది, నిర్ణయం తీసుకోవడం మీద నేను చెప్పే పాఠాల్లో ఒక్కటీ నేను పాటించలేదని. అందుకే ఈ వారం లక్ష్యాలూ విజయాలూ పక్కనపెట్టి నెత్తి గురించి మాట్లాడుకుందాం.

కంగారులో కొన్న మూడు సీసాలు

ఆ సాయంత్రమే సూపర్ మార్కెట్‌కి వెళ్లాను. షాంపూల అరల ముందు నిలబడితే తిరునాళ్లలో తప్పిపోయినట్టే ఉంటుంది. మూడు సీసాలు తెచ్చాను. ఒకదాని మీద వేపాకు, ఒకదాని మీద కలబంద, మూడోదాని మీద కొండ, కొండ మీంచి జలపాతం.

"జలపాతం దేనికండీ తలకి?" అంది మా ఆవిడ.

వేపాకు షాంపూ రెండు రోజులు వాడాను. దురద తగ్గలేదని కలబందకు, ఆ తర్వాత జలపాతానికి మారాను. వాకింగ్‌లో కలిసే పెద్దాయన నిమ్మకాయ రుద్దమన్నాడు, రుద్దాను. పక్కింటావిడ ఉల్లిపాయ రసం రాయమంది, రాశాను. ఇల్లంతా మిర్చి బజ్జీల బండిలా వాసన. ఎవరో పంపిన వీడియో చూసి వంటసోడా కలిపిన నీళ్లు పోసుకున్నాను. అమ్మకు ఫోన్ చేస్తే, "ఒరేయ్, నూనె పెట్టడం మానేసుంటావు. అందుకే మాడు ఎండిపోయింది. గోరువెచ్చగా కాచి పట్టించి పడుకో" అంది. అదీ చేశాను.

మూడు వారాలయ్యేసరికి మాడు ఎర్రగా కమిలింది. పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నలుపుకుంటే ఎలా మండుతుందో, నెత్తంతా అలాంటి మంట. దువ్వెన పెట్టనిచ్చేది కాదు.

చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పెద్దావిడ. లెన్సు పెట్టి పాయలు తీసి చూసి, చేతులు కడుక్కొచ్చి కూర్చుని ఒకే ప్రశ్న వేసింది. "ఈ నెల్లో తలకు కొత్తగా ఏమేం వాడారు?"

చెప్పాను. ఆవిడ రాసుకుంటూ పోయింది. మూడు షాంపూలు, నిమ్మరసం, ఉల్లిరసం, సోడా, నూనె. మొత్తం ఏడు.

"ఇప్పుడు చెప్పండి. వీటిల్లో మంట దేనివల్ల?"

నాకు నోట మాట రాలేదు. 'సమస్యా పరిష్కారం' అని రెండు రోజుల వర్క్‌షాపు నడుపుతాను నేను. ఫీజు కూడా తీసుకుంటాను.

"రంగు వేస్తారా?" అంది.

"అప్పుడప్పుడూ."

"ఎప్పుడెప్పుడు?"

"నెలకోసారి" అన్నాను, గొంతు తగ్గించి.

ఎనిమిదోది చేర్చుకుంది.

ఆవిడ చెప్పిన మందులు సరే. మందులకంటే గట్టిగా పట్టుకున్నది ఇంకొకటి ఉంది: ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు వారాలు ఆగాలి. ఏమైందో కాగితం మీద పెట్టాలి. ఆ తర్వాతే రెండోది. ఇంతకుమించి ఈ వ్యాసంలో రహస్యమేమీ లేదు. మిగతాదంతా, ఆ ఒక్క షాంపూనీ ఎలా ఎంచుకోవాలి అన్నదే.

తల అడిగేది కొంచెమే

మన చర్మం సహజంగా కాస్త పులుపు. అదే పీహెచ్ అనే కొలత. 7 అంటే మామూలు నీళ్లు. అంతకన్నా కిందికి వెళ్తే చింతపండు దారి, పైకి వెళ్తే చాకిరేవు సోడా దారి. మాడు చర్మం సుమారు 5.5 దగ్గర ఉంటుంది, వెంట్రుక ఇంకా కిందకి, 3.67 దగ్గర. ఒళ్లు రుద్దుకునే సబ్బు బిళ్ల 9, 10 దగ్గర ఉంటుంది. అందుకే సబ్బుతో తల రుద్దుకుంటే జుట్టు పీచులా బిరుసెక్కుతుంది. దానికి తోడు మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లలాంటి చవ్వ నీళ్లయితే సబ్బు నురగకుండా తెల్లటి జిడ్డు తరకలా జుట్టుకు పట్టేస్తుంది.

షాంపూలన్నీ 5.5కి దగ్గరే ఉంటాయనుకుంటాం. 2014లో బ్రెజిల్ పరిశోధకులు 123 షాంపూలు కొలిచారు. 3.5 నుంచి 9 దాకా ఉన్నాయి. 5.5 గానీ అంతకు తక్కువ గానీ ఉన్నవి నూటికి 38 మాత్రమే. పక్క వాటాలో ఉండే ఇంటర్ పిల్ల కాలేజీ ల్యాబ్ నుంచి పీహెచ్ కాగితాలు నాలుగు తెచ్చిచ్చింది. నా మూడు సీసాలూ ముంచి చూశాను. జలపాతం సీసా కాగితాన్ని పచ్చగా, నీలానికి దగ్గరగా మార్చేసింది. కొండ మీద నీళ్లకు అంత క్షారం ఎక్కణ్నుంచి వచ్చిందో మరి. మీరూ ఓసారి ముంచి చూడండి, కాగితాలు ల్యాబ్ సామాన్లమ్మే కొట్లలో చవగ్గానే దొరుకుతాయి. వంటసోడా ఎందుకు మండించిందో, నిమ్మకాయ ఎందుకు కోసిందో కూడా ఆ కాగితమే చెప్పేస్తుంది. ఒకటి మరీ పైన, ఒకటి మరీ కింద. గోకి గోకి చీరుకుపోయిన చర్మం రెంటినీ ఓర్చుకోదు.

రెండో సంగతి నురగ. జిడ్డు వదలగొట్టే పదార్థమే షాంపూకి ప్రాణం. మిగతా ఆకూ అలమూ అంతా పక్క వాయిద్యమే. ఎక్కువ సీసాల్లో కనబడేవి సోడియం లారిల్ సల్ఫేట్, దాని తమ్ముడు సోడియం లారెత్ సల్ఫేట్. అన్న మొరటువాడు. ఎంత మొరటంటే, చర్మం మంట మీద పరిశోధన చేసేవాళ్లు కావాలని మంట పుట్టించడానికి ప్రయోగశాలల్లో వాడేది అతన్నే. తమ్ముడు కొంచెం నయం. రెండూ నిమిషంలో కడిగేసేవే కాబట్టి గట్టి తలలకు పెద్దగా ఏమీ కాదు. మా తమ్ముడు ఏళ్ల తరబడి రూపాయి ప్యాకెట్‌తో తలంటుకుంటున్నాడు, వాడి మాడు అద్దంలా ఉంటుంది. నా మాడు అలాంటిది కాదు. తమ్ముడి తలతో నా తలకు పోలిక పెట్టుకోవడం మానడానికే నాకు నెల పట్టింది.

సున్నితమైన తలవాళ్లు చూడాల్సిన పేర్లు వేరే ఉన్నాయి. డెసిల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్, సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, కోకామిడోప్రొపైల్ బీటైన్. నోరు తిరగనక్కర్లేదు. చివర్లు గుర్తుంటే చాలు, గ్లూకోసైడ్, ఐసెథియోనేట్, బీటైన్. పదార్థాల జాబితా మొదటి వరుసల్లో ఇవి కనబడితే ఆ సీసా కాస్త మెత్తనిదని ఓ అంచనాకి రావచ్చు. అంచనా అనే అంటున్నాను. బీటైన్ పడని తలలున్నాయి, గ్లూకోసైడ్ పడని తలలూ ఉన్నాయి. తక్కువ, అంతే.

'సల్ఫేట్ లేదు' అని పెద్దక్షరాలు చూసి మురిసిపోకండి. దాని బదులు ఓలిఫిన్ సల్ఫోనేట్ అని ఒకటి వేస్తారు. పేరు మారింది గానీ పొగరు తగ్గలేదు. 'కొబ్బరి నుంచి తీసింది' అన్న మాటా అంతే. లారిల్ సల్ఫేట్‌లో ఆ 'లారిల్' వచ్చేదీ కొబ్బరి నూనె నుంచో, తాటి జాతి పామ్ గింజల నూనె నుంచో. గుళ్లో కొట్టిన కొబ్బరికాయా కాయే, వీధిలో దిష్టి తీసి కొట్టిన కొబ్బరికాయా కాయే.

దురదగొండి కూడా సహజమే

పల్లెటూళ్లో పెరిగినవాళ్లకు 'సహజం' అన్న మాట మీద ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పొలం గట్టు మీద దురదగొండి తగిలితే ఏమవుతుందో అందరికీ అనుభవమే. బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడే నల్లజీడి గింజ రసం చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. రెండూ స్వచ్ఛమైన ప్రకృతి ప్రసాదాలే. అయినా సూపర్ మార్కెట్‌లోకి అడుగుపెట్టగానే ఆకు బొమ్మ కనబడితే చెయ్యి అటే పోతుంది.

నా వేపాకు సీసా వెనక్కి తిప్పాను. అక్షరాలు ఆవగింజ పరిమాణం. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివాను. వేప ఇంత, ఉసిరి ఇంత, గుంటగలగర ఇంత, మందారం ఇంత అని మిల్లీగ్రాములతో సహా ముత్యాల్లా పేర్చారు. చిట్టచివర ఒక మాట: 'షాంపూ బేస్ క్యూ.ఎస్.' క్యూ.ఎస్. అంటే లాటిన్‌లో 'కావలసినంత' అని. అంటే ఉసిరీ మందారమూ చిటికెడు చిటికెడు లెక్క చెప్పి, సీసాలో అసలు భాగం దేనితో చేశారో 'కావలసినంత' అని వదిలేశారు. వంటల పుస్తకంలో 'ఉప్పు తగినంత' అన్నట్టు. కాకపోతే ఇక్కడ కూరంతా ఉప్పే. ఆయుర్వేద మందు లైసెన్సు మీద తయారయ్యే షాంపూల మీద ఈ మాట తరచూ కనిపిస్తుంది. అలా రాసినవన్నీ చెడ్డవని నేననను. లోపలేముందో తెలియనిదాన్ని మండే తల మీద పోసుకోను, అంతే.

సౌందర్య సాధనాల లైసెన్సుతో వచ్చే సీసాల మీద పూర్తి జాబితా ఉంటుంది. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత. ఒక శాతం లోపు ఉన్నవాటిని మాత్రం ఎటుపడితే అటు రాసుకోవచ్చు. కాబట్టి మీరు మనసుపడి కొన్న కలబంద జాబితాలో ఎన్నో పేరో లెక్కపెట్టండి. నా కలబంద సీసాలో అది పదిహేనోది, సువాసన తర్వాత.

'హైపో అలర్జెనిక్' అన్న మాటకూ అంత విలువే. అమెరికాలో 1975లో దానికో నిర్వచనం పెట్టి కంపెనీలు రుజువు చూపాలంటే, 1977లో కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అప్పట్నుంచీ అక్కడ ఎవరు రాసుకుంటే వారిదే. 'నేచురల్' సంగతి చెప్పేదేముంది.

నా లెక్కలో సున్నితమైన తలకు మొదటి శత్రువు నురగ కూడా కాదు, వాసన. జాబితాలో 'పర్ఫ్యూమ్' లేదా 'ఫ్రాగ్రెన్స్' అని ఒక్క మాట ఉంటుంది, ఆ ఒక్క మాట వెనక పదుల కొద్దీ పదార్థాలుండొచ్చు. పూల నుంచి, నిమ్మ తొక్క నుంచి తీసిన నూనెలైతే మంచివేగా అంటారు. వాటిల్లో ఉండే లిమోనీన్, లినలూల్ గాలి తగిలి పాతబడితే చర్మానికి పడకుండా పోతాయి. టీ ట్రీ నూనె కూడా కొందరికి దద్దుర్లు తెస్తుంది. 'వాసన లేదు' అనడానికీ 'సువాసన పదార్థం కలపలేదు' అనడానికీ తేడా ఉంది, మొదటిదాంట్లో వాసన కప్పెట్టే వాసన వేసి ఉండొచ్చు. రెండోదే మనకు కావాలి. తలంటుకుని బయటికొస్తే ఇల్లంతా గుబాళించాలన్న ముచ్చట ఉన్నవాళ్లకు ఇది కష్టమే. నాకూ కష్టమైంది.

చెడిపోకుండా వేసే మందుల విషయంలో మాత్రం జనం పొరపడతారు. నీళ్లున్న ఏ సీసాకైనా అవి కావాలి, లేకపోతే స్నానాల గదిలో బూజే పెరుగుతుంది. అవి ఏవన్నదే ప్రశ్న. మిథైల్ ఐసోథయాజోలినోన్ అనేదానితో అలర్జీలు ఎక్కువై ఐరోపా దేశాలు దాన్ని చర్మం మీద వదిలేసే క్రీముల్లో నిషేధించాయి, కడిగేసేవాటిల్లో పది లక్షల పాళ్లకు 15 పాళ్లకు మించకూడదన్నాయి. డీఎండీఎం హైడాంటోయిన్ అనేది కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్ వదులుతుంది. ఈ రెండు పేర్లూ కనబడితే సీసా అరలో పెట్టేస్తాను. సోడియం బెంజోయేట్ కనబడితే కంగారుపడను, అది పచ్చళ్ల సీసాల మీదా చూసిన పేరే.

మరి కుంకుడుకాయ?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. వ్యాసం మొదలుపెట్టినప్పట్నుంచీ అమ్మ గొంతు చెవిలో వినబడుతూనే ఉంది.

భోగి రోజు తెల్లవారుజాము. పెరట్లో రాతి మీద అమ్మ కుంకుడుకాయలు కొడుతుంటే నల్లగింజలు చిటచిట ఎగిరి పడేవి, మేము గోళీలకని ఏరుకునేవాళ్లం. పెంకులు వేణ్నీళ్లలో నాని ఉండేవి. వాటిని అమ్మ రెండు చేతులా పిసికితే బంగారు రంగు నురగ. తల వంచి కళ్లు గట్టిగా మూసుకున్నా ఎక్కణ్నుంచో ఒక చుక్క కంట్లోకి వెళ్లేది. ఇక ఏడుపే ఏడుపు. ఉప్పు కల్లు నాలిక మీద పెట్టేది అమ్మ. మంట తగ్గేదో, ఉప్పదనంలో మర్చిపోయేవాళ్లమో గానీ ఏడుపు ఆగేది.

ఆ నురగ సపోనిన్లది. కుంకుడు రసం సబ్బులా క్షారం కాదు, పులుపు వైపే ఉంటుంది. పట్టుచీరలూ నగలూ దాంతో కడిగేది అందుకే. ఇక్కడిదాకా అమ్మదే గెలుపు. అయితే ఆ సపోనిన్లే చేపల మొప్పల్ని దెబ్బతీస్తాయి. చెరువులో కుంకుడు కలిపి చేపలు పట్టే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. కంట్లో అంత మండేది పగిలిన మాడు మీద మండకుండా ఉంటుందా? పైగా ఎన్ని కాయలకు ఎన్ని నీళ్లన్న కొలత ఏ ఇంట్లోనూ లేదు. ఓ వారం చిక్కగా, ఓ వారం పలచగా.

డాక్టరమ్మ దగ్గరికెళ్లిన రెండు నెలలకు, మాడు చల్లబడ్డాక, కుంకుడును కూడా మిగతావాటిలాగే పరీక్షకు పెట్టాను. నాలుగు కాయల పెంకులు ఒక చెంబుడు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పలచటి గుడ్డలో వడకట్టి పోసుకున్నాను. మంట లేదు. కానీ మూడోసారికి మాడు బిగదీసుకుపోయినట్టనిపించింది. శీకాయ కలిపి రసం ఇంకా పలచ చేశాను, సరిపోయింది. పండగలకు అది, మామూలు రోజుల్లో సీసా. మీకు కుంకుడొక్కటే సరిపోతే అదే వాడుకోండి, దానంత చవకా దానంత తెలిసిన జాబితా ఏ సీసాకీ ఉండదు. ఒక్క జాగ్రత్త: రసం ఏ పూటకాపూట తీయాలి. నిలవ ఉంచితే పులిసి కంపు కొడుతుంది. శీకాయ పొడి నేరుగా రుద్దొద్దు, దాని పలుకులు గీరుకుపోతాయి. నానబెట్టి వడకట్టాలి. మందారాకు జిగురు సంగతి చెప్పమంటే, మాడుకు ఏం చేస్తుందో గానీ చిక్కు మాత్రం చక్కగా తీస్తుంది.

పది రోజుల ఓపిక

సీసా ఎంచుకున్నారు. నేరుగా తల మీద పోసుకోవద్దు. మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత మేర రాసి, మామూలుగా తల మీద ఎంతసేపు ఉంచుతారో అంతసేపే ఉంచి కడిగేయండి. రోజుకు రెండుసార్లు, వారం నుంచి పది రోజులు. ఎరుపో దురదో వస్తే ఆ సీసా ఎవరికైనా ఇచ్చేయండి. పది రోజులా అని నిట్టూర్చేవాళ్లకు నా ఏడు ప్రయోగాల నెల మరోసారి గుర్తుచేస్తాను.

పెద్ద సీసాకు డబ్బు పెట్టేముందు చిన్న ప్యాకెట్ దొరికితే అదే కొనండి. కిరాణా కొట్టు గుమ్మానికి దండల్లా వేలాడే ఆ ప్యాకెట్లకు తమిళనాడు కడలూరు పుట్టినిల్లు లాంటిది. అక్కడి చిన్నికృష్ణన్ అనే ఆయన షాంపూని ప్యాకెట్లలో పోసి అమ్మొచ్చని చూపాడు. ఆయన కొడుకు సి.కె.రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టాడు. సీసా కొనలేనివాళ్ల కోసం వచ్చిన ప్యాకెట్ ఇప్పుడు షాంపూ పడనివాళ్లకు రుచి చూసే గరిటె. ప్యాకెట్ మీద పదార్థాల జాబితా లేకపోతే అదే రకం పెద్ద సీసా అరలోంచి తీసి, వెనక చదివి, మళ్లీ అక్కడే పెట్టండి. షాపువాడు గుర్రుగా చూస్తాడు. చూడనివ్వండి.

తలంటుకోవడంలోనూ మనకు తొందరే. ముందు జుట్టంతా నీళ్లతో బాగా తడపాలి, నీళ్లు గోరువెచ్చన దాటకూడదు. గీజరు నీళ్లు పొగలు కక్కుతూ పోసుకోవడం హాయిగానే ఉంటుంది, మాడుకు మాత్రం కాదు. షాంపూని మగ్గులో కాసిని నీళ్లలో కలిపి వేళ్ల కొసలతో మాడుకే రాయాలి. గోళ్లు వద్దు. చివర్ల వైపు జుట్టుకు జారే నురగ చాలు. తర్వాత కడగడం, అసలు పని అదే. షాంపూ రాసినంతసేపు కడగండి, ఇంకాస్త ఎక్కువే కడగండి. చెవుల వెనకా మెడ మీదా మిగిలిపోయిన జిగురుతోనే సగం దురదలు. 'షాంపూ' అన్న మాటే మన హిందీ 'చాంపో' నుంచి ఇంగ్లీషులోకి పోయింది. అంటే మర్దన చెయ్యి అని. 1759లో పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్ వెళ్లి ఆవిరి స్నానాలతో పాటు ఈ మర్దన చేసి, రాజుగారికే షాంపూ వైద్యుడయ్యాడు. అప్పటి షాంపూలో సీసా లేదు, వేళ్లే ఉన్నాయి.

పుస్తకం కూడా పెట్టుకోండి. నాది పాత డైరీ. రోజుకో వరస, అంతకంటే రాయాలంటే నాకే విసుగు. 'బుధవారం. తలంటు. మధ్యాహ్నం నుంచి చెవి పైన దురద. పొద్దున హెల్మెట్, చెమట.' ఇలాంటివి పదిహేను పోగయ్యాక ఒక్క సంగతి కళ్లకు కట్టింది. నా దురద రోజులు షాంపూ రోజులతో కలవడం లేదు, రంగు వేసిన రోజులకు దగ్గర్లో ఉన్నాయి. నల్ల రంగుల్లో పీపీడీ అని ఒకటుంటుంది, అలర్జీల్లో పేరుమోసింది. 'నల్ల హెన్నా' అని అమ్మే చాలా పొడుల్లోనూ ఉంటుంది, గోరింటాకు ఒక్కటే అయితే జుట్టు ఎర్రబడుతుంది గానీ నల్లబడదు. తప్పు రంగుది, తిట్లు తిన్నది షాంపూ. రంగు ఆపేశాను. కణతల దగ్గర తెల్లబడింది. మొదటి క్లాసుకు వెళ్లడానికి పడ్డ మొహమాటం ఇంకో వ్యాసం రాసేంత ఉంది.

కొన్నిటికి ఏ మామూలు షాంపూ ఎంపికా పనికిరాదు. జిడ్డు పొలుసులతో వచ్చే చుండ్రు వెనక మలసీజియా అనే బూజులాంటి జీవి ఉంటుంది. అందరి తలల మీదా ఉంటుంది, చర్మం మీది కొవ్వు తిని బతుకుతుంది. కొందరి చర్మం దానితో గొడవ పడుతుంది. ఆ తలకు రాత్రంతా నూనె పట్టించడమంటే దానికి మేత వేయడమే. ఈ సంగతి అమ్మకు చెప్పడానికి నాలుగు ఫోన్లు పట్టింది, ఒప్పుకుందని చెప్పలేను. అలాంటప్పుడు కెటొకొనజోల్ ఉన్న మందు షాంపూని డాక్టరు చెప్పినన్ని వారాలు, నాలుగైదు నిమిషాలు తల మీద ఉంచి కడగాలి. అది సహజం కాదని ముఖం చిట్లించకండి. మాడు మీద చీము, నెత్తురు, రూపాయి బిళ్లంత జుట్టు ఊడిన చోట్లు, పిల్లల తలల్లో గుండ్రటి మచ్చలు, రంగు వేశాక కనురెప్పలు వాయడం, వీటిల్లో ఏది కనబడినా షాంపూల అర ముందు కాకుండా ఆస్పత్రిలో నిలబడండి.

ఇప్పుడు నా గూట్లో ఉన్నది ఒకే ఒక్క సీసా. ఆకు బొమ్మ లేదు, జలపాతం లేదు, వాసన అసలే లేదు. గ్లూకోసైడ్ మూడో పేరు. వారానికి రెండుసార్లు. డైరీలో ఆఖరి నెలంతా 'ఏమీ లేదు', 'ఏమీ లేదు' అనే ఉంది, ఓ రోజు 'దోమ కుట్టింది' అని తప్ప.

పోయిన శనివారం మా ఆవిడ ఒకటి కొంటే ఒకటి ఉచితమని రెండు పెద్ద సీసాలు పట్టుకొచ్చింది. ముందు తామరపువ్వు, కింద 'ప్రకృతి ఒడిలో' అని రాసుంది. నేను కళ్లజోడు తీసుకుని సీసా వెనక్కి తిప్పాను.

"అయ్యో, మొదలుపెట్టారా మళ్లీ" అంది.

పర్ఫ్యూమ్ నాలుగోది. హైడాంటోయిన్ చివర్లో. ఏమీ అనకుండా చూపించాను. తను కూడా ఫోన్‌లో పెద్దది చేసి చదివి, కాసేపు ఆలోచించి, రెండు సీసాలూ తీసుకెళ్లి స్నానాల గది మూల పెట్టింది. ఇంట్లో దువ్వెనలు మాత్రం ఇప్పుడు తళతళలాడుతున్నాయి.